పేరమ్మ పొయ్యికి పుల్ల

పేరమ్మని మీలో సగం మంది చూసి ఉండరు. ఇదే ఆమె ఇల్లు. మీరు కూసున్న అరుగు ఆమె అలికిన అరుగే, పైన సిమెంటు పోశారు గాని అడుగున ఆమె మట్టే ఉంది. కూసోండి, కూసోండి. ఎట్టాగూ మీ బండ్లు నిండేదాకా మీరు కదల్లేరు, నాకేమో నోరు ఊరుకోదు. ఏవయ్యా, రాసుకునే అయ్యా, నేను చెప్పింది చెప్పినట్టు రాయి, సోకులు చెయ్యబాక. పేరమ్మ ఈ ఇంటికి కోడలుగా వచ్చేనాటికి ఆమె అత్త గురవమ్మ పొయ్యికి ఊళ్ళో పెద్ద పేరు. ఏం పేరంటే, ఆ పొయ్యి ఆరదు. అగ్గిపెట్టె కొనాలన్నా వెనకా ముందూ చూసుకునే రోజులు అనుకో. రాత్రి వంటయినాక గురవమ్మ నిప్పుల్ని బూడిదలో కప్పి పైన ఒక పిడక పెట్టేది. తెల్లారి బూడిద తీస్తే ఎర్రగా కళకళలాడతా ఉండేయి. ఇంక చూడు, కోడి కూసిందో లేదో ఆడోళ్ళంతా ఒక పిడక ముక్కో కొబ్బరి చిప్పో పట్టుకొని ఈ వాకిట్లోకే. నేనూ వచ్చినదాన్నే, కొత్తకోడల్ని, నెత్తిన కొంగు కప్పుకొని. నిప్పుతో పాటు కబుర్లూ పట్టుకుపోయేవాళ్ళం. ఎవరి గేదె ఈనింది, ఎవరి మొగుడు అలిగి పోయాడు, ఎవరికి నెల తప్పింది, అన్నీ ఇక్కడే తెలిసేయి. పిడక అంటుకునేదాకా ఊదుకుంటా కూసోవాలి గదా, ఊదే నోరు ఉత్తినే ఊరుకుంటదా. ఆ పొగ వాసన ఇప్పటికీ యాడన్నా తగిలితే నాకు కళ్ళెమ్మట నీళ్ళొస్తయి, పొగకి కాదులే.

నిప్పుకి ఒక పద్ధతి ఉండేది. కోడలు కాపరానికి వచ్చిన మొదటి రోజే అత్త చెప్పిందంట. ఏం చెప్పిందంటే, అమ్మాయ్, నిప్పు అడిగిన వాళ్ళకి లేదనబాక, పగోళ్ళయినా సరే ఇయ్యాల. నిప్పు ఇస్తే నిప్పు తరగదు. దానికి డబ్బు పుచ్చుకోబాక, నిప్పు అమ్ముకున్న ఇల్లు నిలవదు, అని చెప్పిందంట. ఇంకొక ముక్క కూడా ఉంది గాని అది చెప్పే పనే లేదు, అప్పట్లో అందరికీ తెలుసు. నిప్పు పట్టుకెళ్ళేవాళ్ళు పోతా పోతా ఆ పొయ్యిలో ఒక పుల్ల పెట్టి పోవాల. కంది పుల్లో, తుమ్మ పుల్లో, ఎండిన పొగాకు కాడో, ఏదో ఒకటి. ఎవరూ అడగరు, ఎవరూ చూడరు. పుల్ల పెట్టకుండా పోతే ఇంటికి చేరేలోపే చేతిలో నిప్పు ఆరిపోద్ది అనేవాళ్ళు. ఆరుద్దో లేదో నాకు తెలీదు, పెట్టకుండా పోయినోళ్ళని నేను చూళ్ళా. ఈ పుల్ల సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీనికాడికే రావాల మనం.

తర్వాత ఏమైందంటే, ఊరంతటికీ అయిందే ఇక్కడా అయింది. అగ్గిపెట్టె చవకయింది, తర్వాత గ్యాసు వచ్చింది. గురవమ్మ పోయింది. పేరమ్మ మాత్రం కొన్నాళ్ళు పట్టుబట్టి నిప్పు కప్పతానే ఉంది. తెల్లారి బూడిద తీసి, ఎర్రటి నిప్పులు ముందు పెట్టుకొని కూసునేదంట. ఎవరు రావాల? అందరిళ్ళలోనూ చెవి తిప్పితే మంట. చివరికి వంటపాక వానకి కూలింది, కొడుకు మాలకొండయ్య మళ్ళీ వెయ్యలా. గురవమ్మ నాటి మట్టి కుంపటి ఒకటుంటే దాన్ని మాత్రం ఎవరినీ తాకనియ్యకుండా అటక మీద పెట్టుకుంది. కోడలు ప్రసన్న మంచి పిల్ల, మాట తక్కువ, పని ఎక్కువ. ఇంట్లోకి మిక్సీ వచ్చింది, ఫ్రిజ్జు వచ్చింది, బట్టలుతికే మిషనూ వచ్చింది. పేరమ్మ ఏమనేదంటే, ఒక్కొక్క మిషను ఇంట్లోకి వచ్చినప్పుడల్లా నలుగురేసి మనుషులు వాకిట్లోకి రావడం మానుకున్నారే అనేది. నిజమే గదా. మిక్సీ వచ్చినాక రోటికాడికి ఎవరొస్తారు? ఇంటింటికీ మోటారు వచ్చినాక చేదబావికాడ ఎవరు నిలబడతారు? ఫ్రిజ్జు వచ్చినాక తోడుకి ఇంత మజ్జిగ పొయ్యమని గిన్నె పట్టుకొని వచ్చేదెవరు? ఎవరింట్లో ఎవరికీ పని లేకుండా పోయిందే, అని ఈ అరుగు మీద కూసుని వీధిలోకి చూస్తా ఉండేది. పలకరిస్తే ఊఁ అనేది, అంతే. అన్నం కూడా సరిగ్గా తినేది కాదు. నాకు దిగులేసేది ఆమెని చూస్తే.

ఇట్టా ఉండగా మాలకొండయ్య కారు మార్చాడు. వాడికి కారు తోలడమే బతుకు. కందుకూరు ఆస్పత్రికో ఒంగోలు ఆస్పత్రికో పొయ్యేవాళ్ళని తీసకపొయ్యి తీసకొచ్చేవాడు. డీజిలు కారు ఉన్నన్నాళ్ళూ వచ్చింది వచ్చినట్టు బంకులో పోసి రావడమే సరిపొయ్యేది. కరెంటు కారయితే ఇంట్లోనే నింపుకోవచ్చు, డీజిలు ఖర్చులో నాలుగో వంతు కూడా కాదు అని ఎవరో చెప్తే, అప్పు తీసుకొని కరెంటు కారు కొన్నాడు. దాని కోసం కరెంటోళ్ళకి అర్జీ పెట్టి, లావు తీగె లాగి, ప్లగ్గు పెట్టించాడు. యాడ పెట్టించాడు? అదిగో, వంటపాక ఉండిన జాగాలోనే. సరిగ్గా పొయ్యి ఉండిన చోటే. పేరమ్మ గోడకున్న మీటరు చూసి, అందులో ఎర్ర చుక్క మిణుకు మిణుకు మంటా ఉంది ఏందిరా అని అడిగిందంట. అమ్మా, అది మనం కరెంటు కాల్చేది లెక్కబెట్టుద్ది, ఎక్కువ కాలిస్తే తొందర తొందరగా కొట్టుకుంటది, తక్కువ కాలిస్తే నిదానంగా కొట్టుకుంటది, అని కొడుకు చెప్పాడు. పేరమ్మకి లెక్క చెవికెక్కలా. బూడిదలో కప్పిన నిప్పులాగా ఉందే అని మాత్రం అందంట.

మాలకొండయ్య చీకటితో కారు తీసకపోతే పొద్దుగూకినాకే ఇంటికొచ్చేది. ఆ ప్లగ్గు పగలంతా ఖాళీ. ఒకరోజు పొద్దున్నే ఏసురత్నం వచ్చింది. మీకు తెలుసుగా, ఇంటింటికీ తిరిగి కాన్పుల వాళ్ళని చూసి మందులిచ్చే పిల్ల. ఆమెకి బ్యాటరీ స్కూటరు. వాళ్ళ వీధిలో ఫీజు పోయిందంట, పెద్దమ్మా, కాసేపు మీ ప్లగ్గులో పెట్టుకోనా, లేకపోతే ఇయ్యాల తిరగలేను అని అడిగింది. అడగడం ఎట్టా అడిగింది, ఆ ప్లగ్గుకాడే నిలబడి, చేతిలో తీగె పట్టుకొని. పేరమ్మ దిగ్గున లేచిందంట. అమ్మా, ఎన్నాళ్ళయింది ఆ జాగాలో నిలబడి ఒక ఆడకూతురు నాకు కావాలి అని అడిగి! పెట్టుకో తల్లీ, పెట్టుకో అనింది. స్కూటరు నిండేదాకా ఏసురత్నం ఈ అరుగు మీదే కూసునింది, ఎవరికి కాన్పయింది, ఎవరికి పురుడు పోశారు, ఊరి సంగతులన్నీ చెప్పింది. పోతా పోతా డబ్బులు తీసింది. తీసిందిరా నాయనా, అబద్ధం చెప్పకూడదు. పేరమ్మకి కోపమొచ్చింది. నిప్పుకి డబ్బు పుచ్చుకుంటారటే ఎవరన్నా, నా కొంపని ఆర్పుతావా అని చెయ్యి తోసేసింది.

ఇంక ఏమైందంటే, ఆ మాట ఊళ్ళో పాకింది. మన ఊళ్ళో వాళ్ళ సంగతి మీకు చెప్పాలా, ఉచితమంటే ఊరవతల నుంచైనా వస్తారు. చేలో మందు కొట్టే బ్యాటరీ పంపు పట్టుకొని అంకయ్య వచ్చాడు. చీరలమ్ముకునే ఆమె స్కూటరు తెచ్చింది. బడికి పొయ్యే అయ్యవారు బండి తెచ్చాడు. మా ఇంట్లో మిక్సీ చెడింది అని ఒకామె పిండి గిన్నె తెచ్చింది, మా ఇస్త్రీపెట్టె కాలడం లేదు అని ఒకామె బట్టలు తెచ్చి ఇస్త్రీ చేసుకుపోయింది. ఇంట్లో కరెంటు ఉన్నోళ్ళు కూడా వచ్చారు, అదీ చెప్పాల. పొద్దున్నే వాకిలి నిండా మనుషులు. పేరమ్మ మళ్ళీ మనిషయింది. తెల్లారగట్లే లేచి కళ్ళాపి చల్లి ముగ్గేసేది. వచ్చిన వాళ్ళందరికీ టీ. నవ్వేది, తిట్టేది, పెళ్ళికాని వాళ్ళకి సంబంధాలు చెప్పేది. రెండు పూటలా కడుపునిండా తినేది. నేను కూడా పనేమీ లేకపోయినా వచ్చి కూసునేదాన్ని. మా నడుములు వంగినయి గాని, ఆ వాకిట్లో కూసుంటే నెత్తిన కొంగు కప్పుకొని వచ్చిన రోజులే అనిపించేయి.

ఇదంతా బాగానే ఉంది, బిల్లు వచ్చింది. మాలకొండయ్య ఆ బిల్లు తిప్పి తిప్పి చూశాడు. కారుకి ఎక్కువే వస్తదని అనుకున్నాడు గాని ఇంత అనుకోలా. కరెంటు సంగతి ఎట్టుంటదంటే, కాల్చేకొద్దీ యూనిట్లు పెరుగుతయి, యూనిట్లు పెరిగేకొద్దీ యూనిటు రేటు కూడా పెరుగుద్ది. మెట్టు మెట్టుకీ రేటు. వీళ్ళు ఆ పై మెట్టెక్కి కూసున్నారు. మర్నెల ఇంకా ఎక్కువొచ్చింది. వాడు ఏమనుకున్నాడు? కారే తాగతా ఉంది అనుకున్నాడు. పాపం, వాడు ఇంట్లో ఉన్నప్పుడు ఆ ప్లగ్గులో కనపడేది కారొక్కటే గదా. ఎప్పుడన్నా ఏసురత్నం బండి పెట్టుకుంటదని తెలుసు, అంతకంటే తెలీదు. పెళ్ళాన్ని పిలిచి ఫ్రిజ్జు ఆపెయ్యమన్నాడు. ఆపేసింది. మిషను ఆపెయ్యమన్నాడు, ప్రసన్న బావికాడ బట్టలుతికింది. మిక్సీ తీసి అటక మీద పెట్టి, దొడ్లో మూలన పడున్న రోలు కడిగి, ఇడ్లీ పిండి, పచ్చడి, కారం అన్నీ చేత్తోనే రుబ్బింది. అంతటితో ఆగిందా, మిరప కోతలకి కూలికి పోయి, ఆ డబ్బులు తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది. పేరమ్మ ఏమనుకుందంటే, నా కోడలికి పాత రోజుల మీద మనసయింది అనుకుంది. రోటి పచ్చడి రోటి పచ్చడే అని మెచ్చుకొని ఇంకో ముద్ద ఎక్కువ తినింది. ప్రసన్న నవ్వి ఊరుకుందంట. ఎంత ఆపినా బిల్లు తగ్గలా. ఎట్టా తగ్గుద్ది? కారుకి తీసుకున్న అప్పు ఒక పక్క, ఈ బిల్లు ఒక పక్క. ఇంక నావల్ల కాదు, ఈ కారు నన్నే తినేట్టుంది, అమ్మేసి ఎవరిదన్నా లారీ మీద డ్రైవరుగా పోతా అన్నాడు మాలకొండయ్య. లారీ మీద పోవడం అంటే నెలకొకసారి ఇంటికి రావడం. ప్రసన్న అమ్మబాక అని ఒక్క మాట అనింది. మరి ఎవరు తింటున్నారు నా సంపాదనంతా, చెప్పు అన్నాడు. ఆ పిల్ల పప్పు గిన్నె తీసుకొని రోటికాడికి పోయింది.

కారు కొనేదానికి కందుకూరు నుంచి ఒకాయన వచ్చాడు. పొద్దున్నే వచ్చాడు, లావాటి మనిషి, మెళ్ళో గొలుసు. ప్రసన్న ఇచ్చిన టీ తాగి, ఒకసారి తోలి చూస్తా అన్నాడు. మాలకొండయ్యని పక్కన కూసోబెట్టుకొని రోడ్డు మీదికి పోయాడు. వాళ్ళు అట్టా పోయారో లేదో, రోజూ వచ్చేవాళ్ళు వచ్చారు. ఏసురత్నం స్కూటరు పెట్టింది, అంకయ్య పంపు పెట్టాడు, అయ్యవారి బండి ఇంకో తీగెకి. పేరమ్మ మాత్రం ఆ రోజు టీ పెట్టలా. కొడుకు లారీ ఎక్కి పోతాడంటే ఏ తల్లికి చెయ్యాడుద్ది. గోడకానుకొని నిలబడింది. నిలబడి మీటరు వంక చూసిందంట. ఎర్ర చుక్క ఆగకుండా కొట్టుకుంటా ఉంది, తరుముకొస్తే పరిగెత్తినట్టు. ఇదేందబ్బా అనుకుంది. కారు లేదు. ఫ్రిజ్జు ఆపి నెలలయింది. మిక్సీ అటక మీద ఉంది, కోడలు అదిగో రోటికాడ ఉంది. మరి ఎవరు తాగతన్నారు ఈ కరెంటు? తల తిప్పి ప్లగ్గు వంక చూసింది. మళ్ళీ మీటరు చూసింది. గబగబా పోయి ఆ బండ్ల తీగెలు ఒక్కొక్కటే పీకింది. చుక్క నిదానించింది. ఇంకొంచెం నిదానించింది. ఎప్పటికో ఒకసారి మిణుక్కుమని, అంతే. కొడుకు చెప్పిన మాట అప్పుడు చెవికెక్కింది ఆమెకి.

అక్కడి నుంచి రోటికాడికి పోయి కోడలి ముందు కూలబడింది. అమ్మాయ్, నీకు తెలుసా ఈ సంగతి, అని అడిగింది. ప్రసన్న రుబ్బతానే ఉంది. తెలుసత్తా అనింది. ఎప్పటి నుంచి తెలుసు? మొదటి బిల్లప్పటి నుంచే తెలుసు. మరి నాకెందుకు చెప్పలేదే, మొగుడికైనా చెప్పొచ్చు గదా, కారే పోతా ఉంటే నోరు కట్టేసుకొని కూసున్నావే అని పేరమ్మ అడిగింది. అప్పుడు ఆ పిల్ల పొత్రం ఆపి చెప్పింది. నేను అప్పుడు దొడ్డి గోడకాడే ఉన్నాను, నా చెవులతో విన్నాను.

"చెప్తే రేపటి నుంచి ఎవరూ రారు గదత్తా. నువ్వు మళ్ళీ అరుగు మీద ఒక్కదానివే కూసుంటావు. అది నేను చూళ్ళేను."

పేరమ్మ కోడలి చెయ్యి తీసుకొని తిప్పి చూసింది. అరచేతుల నిండా బొబ్బలు, కొన్ని చితికి, కొన్ని కాయలు కాచి. ఆ చేతుల్ని ఒళ్ళో పెట్టుకొని, "ఇన్నాళ్ళూ నా పొయ్యిలో పుల్ల పెట్టింది నువ్వొక్కదానివేనటే అమ్మాయ్" అని ఏడ్చింది. ప్రసన్నకి ఆ పుల్ల సంగతి ఏం తెలుసు, ఆమె ఎరగని రోజులవి. నాకు తెలుసు. నేను గోడకాడ నిలబడి నేనూ ఏడ్చాను.

ఇంతలో కారు వచ్చింది. కందుకూరాయన బాగానే ఉంది, బేరం ఖాయం చేసుకుందాం అని జేబులో చెయ్యి పెట్టాడు. పేరమ్మ పోయి కారుకి అడ్డంగా నిలబడింది. కారు తినలేదురా నీ సంపాదన, నేను పెట్టాను ఊరందరికీ, అమ్మాల్సిన పని లేదు అని కొడుకుతో చెప్పింది. మాలకొండయ్య ఆ బండ్లన్నీ చూశాడు, పీకేసిన తీగెలు చూశాడు, తల్లి మొహం చూశాడు. వాడికి కోపం వచ్చింది, రాకుండా ఎట్టా ఉంటది. ప్లగ్గు పీకేస్తా, గేటుకి తాళం వేస్తా అన్నాడు. పేరమ్మ ఏమనిందంటే, రేపొక్కరోజు ఆగు నాయనా, రేపు నేను చెప్పినాక కూడా నీకు బాగలేకపోతే పీకేద్దువు అనింది. కందుకూరాయన ఇంకో టీ తాగి, నా పొద్దంతా పాడు చేశారని తిట్టుకుంటా పోయాడు.

మర్నాడు పొద్దున్నే అందరూ వచ్చారు. పేరమ్మ అటక మీద నుంచి కుంపటి దింపించి, దుమ్ము దులిపి, ఆ ప్లగ్గు కింద పెట్టింది. పెట్టి అందరినీ నిలబెట్టి చెప్పింది. ఇది నా అత్త కుంపటి. మీ అమ్మలు, మీ నాయనమ్మలు ఇక్కడికొచ్చి నిప్పు పట్టుకుపోయినోళ్ళే. ఒక్కళ్ళు కూడా ఉత్త చేతులతో పోలా, పుల్ల పెట్టి పోయారు. ఆ ముక్క మీకు చెప్పకపోవడం నా తప్పే. నా కోడలి చేతులు చూసి పోండి ఒకసారి, అనింది. ప్రసన్న సిగ్గుపడి లోపలికి పోయింది గాని అప్పటికే చూశారు అందరూ. ఏసురత్నం ముందుకొచ్చి, మొదటి రోజే ఇస్తే తోసేశావు గదా పెద్దమ్మా, నిప్పు అమ్ముకోగూడదన్నావు అని అడిగింది. అమ్మకం వేరు, పుల్ల వేరే తల్లీ అనింది పేరమ్మ. ధర అయితే నేను అడుగుతా, నువ్వు బేరమాడతావు. పుల్ల నేను అడగను, నువ్వు లెక్క చెప్పవు. పొయ్యి ఆరకుండా నువ్వు పెట్టి పోతావు, అంతే అనింది. ఏసురత్నం కొంగు ముడి విప్పి డబ్బులు కుంపట్లో వేసింది. అంకయ్య వేశాడు. ఇళ్ళల్లో కరెంటు పెట్టుకొని ఇక్కడికొచ్చే వాళ్ళు మెల్లగా జారుకున్నారు, పోనీ, వాళ్ళ బిల్లు వాళ్ళకే. ఒక మహానుభావుడు పొగాకు కాడ ఒకటి తెచ్చి నిజంగానే పుల్ల పెట్టి పోయాడంట, పేరు చెప్పను, ఇక్కడే ఉన్నాడు. నెలాఖరుకి కుంపటి తీసి చూస్తే ఊరోళ్ళు తాగిన కరెంటుకి సరిపోయింది. మాలకొండయ్య ప్లగ్గు పీకలా. కారూ అమ్మలా, ఇప్పుడు కూడా దాని మీదే ఒంగోలు పోయున్నాడు. కుంపటి దింపిన ఆ రోజే పేరమ్మ తన చేత్తో ఫ్రిజ్జు స్విచ్చి వేసింది, కోడలి చేత మిక్సీ దింపించింది. రోటి పచ్చడి ఇంక నాకొద్దు, మిక్సీదే నాకు రుచిగా ఉంటది అనింది. అంత పెద్ద అబద్ధం ఆమె జన్మలో ఆడి ఉండదు.

పేరమ్మ పోయి మూడో ఏడు నడస్తా ఉంది. ఆఖరి రోజుల్లో మంచం ఈ వాకిట్లోనే వేయించుకుంది, వచ్చే పోయే వాళ్ళని చూస్తా పోయింది, మంచి చావు. కుంపటి మాత్రం అక్కడే ఉంది, కావాలంటే తొంగి చూడండి. అందులో డబ్బులతో పాటు ఒక ఎండు కంది పుల్ల ఉంటది. రోజూ పొద్దున్నే ఇంట్లో ఏ స్విచ్చీ వెయ్యక ముందు ప్రసన్న పెట్టే పుల్ల అది. ఆ పుల్లకి బిల్లు తగ్గుద్దా అంటే తగ్గదు, ఆ సంగతి ప్రసన్నకీ తెలుసు, నాకూ తెలుసు. సరే, లేవండి, మీ బండ్లు నిండి ఉంటయి. ఏవయ్యా రాసుకునే అయ్యా, నువ్వు కూడా లే. నా మాటలు పట్టుకునే ఆ ఫోను పొద్దుటి నుంచి పేరమ్మ ప్లగ్గులోనే ఉంది. నేను అడగను, నువ్వు లెక్క చెప్పబాక.